ఒకే టేపు మీద ఇద్దరు

చిక్కడపల్లి,
జూలై 14.

హైమక్కా,

ఉత్తరం చూసి ఆశ్చర్యపోతావని తెలుసు. నువ్వు అశోక్‌నగర్ వదిలి కాకినాడ వెళ్ళాక మనం ఫోన్లే తప్ప ఉత్తరాలు రాసుకోలేదు. కానీ ఈ సంగతి ఫోన్లో చెప్పలేను. మా రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా ఈయనకు వినిపిస్తుంది. ఒంట్లో అన్నీ ముసలివైపోయినా చెవులు మాత్రం ఇంకా కుర్రవే. వాట్సాప్‌లో పెడదామంటే ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అందుకే కూరగాయలకని చెప్పి వచ్చి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని రాస్తున్నాను. చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఒకమ్మాయి పుస్తకాలు జరిపి నాకు చోటిచ్చింది.

పోయిన నెల ఈయనకు సన్మానం జరిగింది. అంబర్‌పేట్ అమ్మాయి తన్మయి అని, కంప్యూటర్ మీద పాటలు కడుతుంది. ఎక్కడో కోఠిలో పాత క్యాసెట్ల మధ్య ఈయన పాటల ‘కరెంటు పువ్వులు’ దొరికిందట. అది విని పిచ్చెత్తి, ఈయన ఇంకా బతికే ఉన్నాడని తెలుసుకుని వెతుక్కుంటూ వచ్చింది. మా ఇంటి దగ్గరి హాల్లోనే సభ. “నలభై ఏళ్ల కింద నారాయణగూడలో ఒక కిరాయి గదిలో, ఒక్క వాద్యం లేకుండా, సింథసైజరూ రిథమ్ బాక్సూ పెట్టుకుని తెలుగులో పాటలు కట్టిన మొదటి మనిషి మా రాఘవేందర్ సార్” అని మైకులో చెప్పింది. నువ్వు పాడిన పాటలే వేశారు అక్కా. పిల్లలు కుర్చీలు వదిలి గంతులేశారు. ఈయన ఇస్త్రీ చొక్కాలో, శాలువా కప్పుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో.

అప్పుడు మధ్య వరసలోంచి ఒకతను లేచాడు.

“చప్పట్లు బాగున్నాయి సార్. మీ పెట్టె రాకముందు ఈ సందుల్లో వయొలిన్ వాళ్లు, క్లారినెట్ వాళ్లు, తబలా వాళ్లు బతికేవాళ్లు. వాళ్లంతా ఏమయ్యారో కూడా ఈ మైకులోనే చెప్పండి” అన్నాడు.

వెనక కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు, పాత ఆర్కెస్ట్రా మనుషులు, మెల్లగా చప్పట్లు కొట్టారు. ఈయన మైకు దగ్గరికి వెళ్ళాడు. శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీలో పెట్టి దిగి వచ్చేశాడు.

తర్వాత పేపర్లో, యూట్యూబ్‌లో ఒకటే గొడవ. మార్గం చూపించినవాడని సగం మంది, పొట్టలు కొట్టినవాడని సగం మంది. ఈయన అన్నీ చదివాడు.

ఆ తర్వాత అటక మీది స్పూల్ టేపులు దింపాడు. అవన్నీ ఆయన పాటల అసలు టేపులు. వినడానికనుకుని సంతోషపడ్డాను. వినడానికి కాదు అక్కా. పాత రికార్డరుకు టేపు ఎక్కించి, మైకు వైరు పీకేసి, రికార్డు మీట నొక్కి వదిలేస్తాడు. టేపు తిరిగినంతసేపూ పూజకు కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఉన్న పాట పోయి దాని మీద ఏమీ లేనిది పడుతుంది. అయిపోయాక డబ్బా మీద ‘ఖాళీ’ అని రాసి పక్కన పెడతాడు.

“ఏంది మీరు చేస్తున్నది?” అని అరిచాను.

“సాఫ్ చేస్తున్న” అన్నాడు. “ఆ పిలగాడు అడిగిండు గద, వాళ్లంత ఏమయిన్రని. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనోనికి పాటలెందుకు?”

వారానికొకటో రెండో చెరుపుతున్నాడు. పాటల కోసం కాదు నా భయం. టేపులన్నీ అయిపోయిన రోజు ఈయన ఏం చేస్తాడు?

నువ్వొక ఉత్తరం రాయి. ‘మీరు చేసింది మంచి పనే’ అని ఆయనకు ఒక్క మాట. ఆ పాటలు పాడింది నువ్వు. పైగా పోయిన జగన్నాథం బావగారు వయొలిన్ మనిషి. మీ ఇంటి నుంచి వస్తే నమ్ముతాడు. నాకు రాసే ఉత్తరాలు మాత్రం పక్కింటి యశోదమ్మ గారి పేరు మీద పంపు.

దమయంతి

*

కాకినాడ,
జూలై 22.

దమయంతీ,

నీ ఉత్తరం అందింది. సభలో లేచినవాడి పేరు నువ్వు రాయలేదు. తెలియక కాదు, నేను బాధపడతానని మానేశావు. ఆ సాయంత్రమే మా ఫణికిరణ్ నాకు ఫోన్ చేశాడు. “అమ్మా, అడిగేశాను” అన్నాడు. తప్పు చేశావురా అని నేననలేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను.

నువ్వు నా తోడబుట్టినదానికంటే ఎక్కువ. అయినా నువ్వు అడిగిన మాట రాయలేను.

మా ఆయన ఒకప్పుడు పొద్దున్నే వయొలిన్ పట్టుకుని నారాయణగూడ చౌరస్తా ఇరానీ హోటల్‌కు వెళ్ళేవారు. ఆర్కెస్ట్రా వాళ్లంతా అక్కడే చేరేవాళ్లు. పెళ్లిళ్లు, నాటకాలు, రికార్డింగులు, ఏ పిలుపైనా అక్కడికే వచ్చేది. మీ ఆయన క్యాసెట్ వచ్చి ఊరంతా మోగాక, పెళ్లివాళ్లు పదిహేను మందిని పిలవడం మానేశారు. కీబోర్డు పట్టుకున్న కుర్రాడు ఒక్కడు చాలన్నారు. ఈయన కొంతకాలం ఆ హోటల్‌కు వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేవారు. తర్వాత హిమాయత్‌నగర్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు. వయొలిన్ బీరువా మీదికెక్కింది. ఆయుధపూజ రోజు దింపి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ పైన పెట్టేవారు. వాయించేవారు కాదు. నాన్న చేతిలో దాని మోత ఎలా ఉంటుందో తెలియకుండానే పెరిగాడు ఫణి.

పోయేదాకా ఆయన రాఘవేందర్ గారిని ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదు కాబట్టే నా కోపం ఇంకా తీరలేదు.

ఇక నా పాటలంటావా. ఆ క్యాసెట్‌లో ఉన్నది నా గొంతు కాదు. తీగల్లోంచి పంపించి ఇనుము చేసి పెట్టారు. అదే గొప్పంటున్నారట ఇప్పటి పిల్లలు. ఆ పాటలు వీధివీధినా మోగిన రోజుల్లో, మా వాటాలో పక్కింటివాళ్లకు కూడా అది నేనని తెలియలేదు.

చెరుపుకోనీ. ఆయన పాటలు, ఆయన ఇష్టం. నేను బాగుందని అబద్ధం రాస్తే, ఆ మనిషి చెవులు నీకు తెలుసుగా, అక్షరాల్లో కూడా అపశ్రుతి పట్టేస్తారు. నువ్వు ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేనే వచ్చి నీ పక్కన ఉండేదాన్ని. తుంటి ఆపరేషనయ్యాక మా చెల్లెలి చెయ్యి పట్టుకోనిదే వరండా దాకా కూడా వెళ్ళలేకపోతున్నాను.

హైమ

*

చిక్కడపల్లి,
ఆగస్టు 9.

హైమక్కా,

నీ ఉత్తరం చదివి కోపంతో చించేయబోయాను. యశోదమ్మ గారు ఆపారు.

ఫణి అని నాకు తెలుసు. వాడు చిన్నప్పుడు నా ఒళ్లో పడుకుని నిద్రపోయినవాడు, గొంతు గుర్తుపట్టనా? ఈయన కూడా గుర్తుపట్టాడు. వేరేవాడెవడైనా అడిగి ఉంటే దులుపుకునేవాడేమో. జగన్నాథం కొడుకు అడిగేసరికి కూలిపోయాడు.

ఇప్పుడు నా మాట విను. ఈయన నాయన రేడియోలు రిపేరు చేసేవాడు. ఈయన పాట కట్టుకుని ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గరికి వెళితే గుమ్మంలోనే నిలబెట్టేవాళ్లు. “రేడియో మెకానిక్ కొడుకు రాగం కట్టిండంట” అని నవ్వారు. నవ్వనిది బావగారొక్కరే. పదిహేను మంది వాద్యకారులను కూర్చోబెట్టాలంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలి? ఆ పెట్టె ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర లేకుండా చేసింది. పాతబడి పాడైపోయిన దాన్ని ఎవరో పారేస్తే తెచ్చుకుని, తనే విప్పి బాగుచేసుకున్నాడు. అది లేకపోతే ఆయనకు పాటే లేదు. ఇంకొకరి కూడు లాక్కుందామని ఆ గదిలో కూర్చోలేదక్కా. తన తలలో మోగేది బయట వినాలని కూర్చున్నాడు. పెళ్లివాళ్లు చేసిన పనికి ఈయన ఉరి వేసుకోవాలా?

చూశావా, ఏ మాట రాశానో. కొట్టేయడం లేదు. రాత్రీ పగలూ నా తలలో తిరుగుతున్నది ఆ మాటే.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అడిగినవాటికల్లా మర్యాదగా జవాబు చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి మళ్ళీ రికార్డరు ముందు కూర్చున్నాడు. మొన్న ఫ్రిజ్ తుడుస్తూ చూశాను, ఇన్సులిన్ డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది. సీసాల మూతలు కూడా తీయలేదు. నేనే సూది పట్టుకుని వెళితే చొక్కా గట్టిగా పట్టుకుని, “వద్దు దమయంతీ, నొప్పి పెడ్తది” అన్నాడు. ఇన్నేళ్లు తనే పొడుచుకున్న మనిషి.

తన్మయి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. “సార్, అవి మీ ఒక్కరివే కాదు. మీ పాటలు వినే నేను ఈ లైన్ల వడ్డ. నాలెక్క ఎంతమంది ఉన్నరో మీకు తెల్వదు.”

“అయితే తీస్కపో బిడ్డా” అని ఖాళీ డబ్బాలు చూపించాడు.

నిన్న చెరిపింది ‘కరెంటు పువ్వులు’. అంటే నీ గొంతునే. చెరిపే ముందు ఒకసారి పూర్తిగా పెట్టుకుని విన్నాడు. నేను వంటింట్లో పప్పు కడుగుతూ విన్నాను. ఇనుమంటావేమో, నాకు మాత్రం అందులో నువ్వే వినిపించావు. మీ అశోక్‌నగర్ వాటాలో బట్టలారేస్తూ పాడుకునేదానివే, అచ్చం ఆ మనిషివే. తర్వాత మీట టక్కుమంది. నేను పంపు కట్టేసి నిలబడ్డాను. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

చెరుపుకోనీ అన్నావుగా. అయిపోయింది.

దమయంతి

*

కాకినాడ,
ఆగస్టు 17.

దమయంతీ,

నువ్వు రాసిన చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అలా రాసే హక్కు నీకుంది.

నా గొంతు కాదని నలభై ఏళ్లు అన్నాను. మరి పోయిందని తెలిశాక నాకెందుకు ఇలా ఉంది? మా చెల్లెలు అన్నం కలిపి పెడితే కంచం పక్కకు జరిపాను. తన్మయి దగ్గర క్యాసెట్ ఉందిలే అని నన్ను నేను ఓదార్చుకున్నాను. అరిగిపోయి, గరగరలాడుతూ. ఇష్టం లేనిదే అనుకో, నేను వయసులో ఉన్నప్పటి ఊపిరి ఉన్నది ఆ అసలు టేపులోనే. ఇప్పుడు అది ఎక్కడా లేదు.

ఒక సంగతి అడగాలి.

మా పెళ్లయిన కొత్తలో ఒక వానాకాలం ఈయన తడిసి ముద్దయి ఇంటికొచ్చారు. “ఇవాళ రాఘవ గదిలో మధ్యాహ్నమంతా వాయించాను హైమా. వాడి పెట్టె, నా వయొలిన్, రెండే. వాడు టేపు చేశాడు” అన్నారు. ఆ మొహం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ టేపు బయటికి రాలేదు. క్యాసెట్‌గా అమ్మలేదు. ఈయన రేడియోలో వాయించినవేవీ మా దగ్గర లేవు. పెళ్లిళ్లలో వాయించింది గాలిలో కలిసిపోయింది. ఆ మనిషి ఈ భూమ్మీద వాయించాడనడానికి ఆ ఒక్క టేపు తప్ప మరేదీ లేదు.

అది ఉందా? ఇంకా ఉందా? పోయి ఉంటే ఆ మాటే రాయి, దాచకు. ఉంటే మాత్రం, దమయంతీ, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపు.

నా మాట నేనే దిగమింగి అడుగుతున్నాను.

హైమ

*

చిక్కడపల్లి,
సెప్టెంబరు 5.

హైమక్కా,

ఉంది. విడిగా, తన మంచం కింద పెట్టుకున్నాడు. డబ్బా మీద ‘జగన్నాథం - వాన’ అని రాసి ఉంది.

నీ ఉత్తరం రాగానే దాన్ని తీసి యశోదమ్మ గారి బియ్యం డబ్బాలో దాచాను. ఈయన ఇల్లంతా వెతికాడు. కోపం చేయలేదు. నన్నొక్క మాట అడగలేదు. కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాడూ అంతే. మంచినీళ్లు కూడా మానేసేసరికి యశోదమ్మ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడే టేపు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, “తీస్కో నాయనా, జర ఇంత తాగు” అని మజ్జిగ గ్లాసు నోటికి పట్టారు. తాగాడు. నన్ను క్షమించు అక్కా. నాకు టేపు కంటే మనిషి ముఖ్యం.

ఎందుకింత పంతమని అడిగాను.

“గదొక్కటి ఆఖరికి పెట్టుకున్న. దాని తర్వాత నాకు పని లేదు” అన్నాడు.

“పని లేకపోతే?”

కిటికీ వైపు తిరిగాడు.

ఇప్పుడు వినాయక చవితి పాటలు. రోజూ సందు చివర డీజే బాక్సులు. కిటికీ అద్దాలు వణుకుతున్నాయి, షెల్ఫు మీది గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. ఈయన రెండు చెవులూ మూసుకుని మంచం మీద కూర్చున్నాడు. “విన్నవా? ఆ దెబ్బ విన్నవా? నారాయణగూడ గదిల నేను కొట్టిన దెబ్బనే. నేను మెల్లగ గొట్టిన. వీళ్లు గిట్ల జేసిన్రు. ఇది గూడ నేనే చేసిన్నా దమయంతీ?” అని అడిగాడు. ఏం చెప్పను? కాదంటే ఆయన చేసిందేదీ ఎవరికీ అందలేదన్నట్టు. అవునంటే ఈ మోత ఆయన నెత్తిన పెట్టినట్టు. నా చేతులు కూడా ఆయన చెవుల మీద పెట్టాను.

మనిషి సగమైపోయాడు. కాలి వేలికి పుండు పడింది, మానడం లేదు. ఇంక రెండో మూడో టేపులున్నాయి. ఆ తర్వాత మంచం కింది డబ్బా.

నా వల్ల కాదు. నీ ఉత్తరం వల్ల కూడా కాదు. అడిగినవాడే రావాలి. ఫణిని పంపించు. తిట్టడానికైనా సరే పంపించు.

దమయంతి

*

కాకినాడ,
సెప్టెంబరు 12.

దమయంతీ,

ఫణికి చెప్పాను. రానన్నాడు. “నేను అడిగింది తప్పయితే చెప్పమ్మా, వెళ్ళి కాళ్లమీద పడతాను. తప్పు కాదుగా” అన్నాడు. తప్పు కాదు. ఏం చెప్పను వాడికి? మర్నాడు మళ్ళీ చేశాను. కోచింగ్ సెంటర్లో క్లాసు చెప్పాలని పెట్టేశాడు. మా చెల్లెలు ఫోన్ లాక్కుని, మీ అమ్మ తిండి మానేసి కూర్చుందిరా అని చెప్పింది. చివరికి నేనన్నాను, “ఒరేయ్, నీకు మీ నాన్న వయొలిన్ తెలియదు. బొట్టు పెట్టిన చెక్క తెలుసు. అది ఎలా మోగేదో తెలిసిన ఒకే ఒక్క వస్తువు ఆ ఇంట్లో ఉంది. రేపో ఎల్లుండో అది కూడా ఉండదు. నేను నడవలేను. నువ్వు నడవగలవు, అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి ఎంత దూరం?”

వాడు ఫోన్ పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియదు. వాడొచ్చేదాకా ఎలాగైనా ఆపు. నీకు నేను చెప్పగలిగింది ఇంతే.

హైమ

*

చిక్కడపల్లి,
సెప్టెంబరు 24.

హైమక్కా,

ఫణి వచ్చాడు. ఫోన్లో వాడు నీకేం చెప్పాడో తెలియదు. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం. మిగిలినవి కూడా అయిపోయాయి. ఈయన పొద్దున్నే స్నానం చేసి, మంచం కింది డబ్బా తీసి, టేపు ఎక్కించుకున్నాడు. వైరు పీకేశాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను. అడ్డం పడే బలం కూడా లేదు నాకు. అప్పుడు తలుపు చప్పుడైంది. క్లాసు మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, ఫణి వేళ్ల నిండా బోర్డు మీద రాసే సిరా.

“అంకుల్, జర ఆగండి.”

ఈయన తిరగలేదు. మీట మీద వేలు అలాగే ఉంది. “నువ్వే గద బిడ్డా అడిగింది.”

“అడిగాను. ఇప్పటికీ అడుగుతాను. కానీ దాంట్లో మా నాన్న ఉన్నాడు.”

“ఉన్నడు. నేను గూడ ఉన్న.”

“నాన్న వాయించిందొక్కటి వేరు చేసి ఇచ్చేయండి. మిగతాది మీ ఇష్టం.”

ఈయన నవ్వాడు అక్కా. అది నవ్వు కాదు. “ఒక్కటే మైకు. ఒక్కటే టేపు. నీ నాయన కూసున్నడు, నేను కూసున్న, నడుమల మైకు. ఇప్పటి కంప్యూటర్లు తీస్తయేమో నాకు తెల్వది. నన్ను తీసేస్తే నీ నాయన చేతులల్ల సగం గూడ నాతోనే పోతయి. నా దెబ్బను జూసుకుంట వాయించిండు ఆయన. ఉంటే ఇద్దరం ఉంటం. పోతే ఇద్దరం పోతం. చెప్పు, ఏం జేద్దాం?”

ఫణి టేపు వైపు చూశాడు. “ముందు వినిపించండి” అన్నాడు.

ఈయన మీట మార్చాడు.

మొదట వాన. అక్కా, ఆ గది రేకుల మీద పడ్డ వాన. తర్వాత పెట్టె, టిక్కు టిక్కుమని, మెల్లగా. ఎవరో దగ్గారు. బావగారి దగ్గే. తర్వాత వయొలిన్ లేచింది. నేను దాన్ని రాయలేను. ఫణి నిలబడ్డవాడు అలాగే గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాడు. మధ్యలో ఇద్దరూ ఆగిపోయి నవ్వుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. కొన్నిచోట్ల టేపు మీది పూత పాతబడి పొడిలా రాలిపోయింది, అక్కడ ఏమీ లేదు. అలాంటి ఖాళీ వచ్చినప్పుడల్లా ఫణి ఊపిరి బిగబట్టడం నాకు కనిపించింది. మళ్ళీ వయొలిన్ వస్తే వదిలేవాడు.

అయిపోయింది.

“ఇంత బాగా వాయించేవాడని నాకెవ్వరూ చెప్పలేదు” అన్నాడు వాడు.

“నేనెప్పుడు చెప్పాలె బిడ్డా? మీ ఇంటికి రానీకి నాకు మొహం లేకుండె.”

ఫణి కళ్లు తుడుచుకుని, “ఉండనివ్వండి. మీ పెట్టెతో పాటే ఉండనివ్వండి” అన్నాడు. వెంటనే, “అట్లని నేనడిగింది వాపస్ తీసుకోను అంకుల్” అన్నాడు.

“తీస్కోవద్దు” అన్నాడు ఈయన.

టేపు వెనక్కి చుట్టబోతే చక్రం చేతిలోంచి జారింది. ఫణి పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు వాడు, ఈయన కాలి కట్టు, ఎండిపోయిన పెదాలు, ఆగని ఆయాసం. “ఆంటీ, ఇంజెక్షన్ ఎక్కడ?” అని గట్టిగా అరిచాడు. నేను తెచ్చాను. ఇన్ని రోజులు నాతో పంతం పట్టిన మనిషి, వాడు అడగకుండానే చొక్కా పైకెత్తాడు.

ఆ సాయంత్రమే ఫణి ఆయన్ను ఆస్పత్రిలో చేర్పించాడు. వేలు తీసేయాల్సి రావచ్చంటున్నారు. టేపును తన్మయి జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఇద్దర్నీ కలిపే.

ఇంతటితో అయిపోయిందని రాస్తే బాగుండేది. కానీ ఇప్పుడు వేరే బాధ మొదలైంది. ఇన్నాళ్లూ రాయిలా కూర్చున్న మనిషి చెరిపేసినవాటి కోసం ఏడుస్తున్నాడు. “నా పాటలు దమయంతీ, నా పాటలన్ని నేనే సంపుకున్న” అంటాడు. నర్సులు వచ్చి చూసి పోతున్నారు. తెల్లారితే ఏ పాట పేరు తలుచుకుంటాడోనని భయం.

నీ ఉత్తరం ఇప్పుడు కావాలి. అబద్ధం వద్దు. నీకు ఏది అనిపిస్తే అదే రాయి, ఆయన పేరు మీదే రాయి.

దమయంతి

*

కాకినాడ,
అక్టోబరు 3.

రాఘవేందర్ గారికి,

నమస్కారం. ఫణి పంపించింది మా చెల్లెలి ఫోన్లో విన్నాను. ఎన్నిసార్లు విన్నానో చెప్పను.

దమయంతి నన్ను మిమ్మల్ని మెచ్చుకొమ్మని అడిగింది. నా అభిప్రాయం మారలేదు. మీ పెట్టె వచ్చాక చాలామంది ఇళ్లలో వాద్యాలు బీరువాల మీదికెక్కాయి. అది మీరు కోరుకున్నది కాకపోవచ్చు. అయినా జరిగింది. ఆ జరిగినదానితోనే నేను బతికాను, మీరు కూడా బతకాలి. టేపులు చెరిపేస్తే అది చెరిగిపోతుందనుకున్నారా? మా ఆయన మళ్ళీ ఇరానీ హోటల్‌కు వెళ్ళి కూర్చుంటారా? మీరు చేసిన పనికి నాకు కోపం. దాన్ని చెరిపిన పనికి అంతకంటే ఎక్కువ కోపం.

ఇంకొకటి. ఆ వాన టేపులో రెండోసారి మొదలుపెట్టాక, ఈయన విల్లు ఇంకా తీగ మీద ఉండగానే మీ పెట్టె వచ్చి పడింది. ఆ పలుకు పూర్తయ్యేదాకా మీరు ఆగి ఉండాల్సింది. వింటున్న ప్రతిసారీ అక్కడ నా ప్రాణం ఉసూరుమంటోంది. ఎందుకు ఆగలేదు? దీనికి జవాబు కావాలి నాకు.

చెరిపిన పాటల కోసం ఏడుస్తున్నారట. ‘కరెంటు పువ్వులు’ పాటలు నాకు నోటికి వచ్చు, అన్నీ. నిన్న ఒకటి పాడి చూశాను, మా చెల్లెలు వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. గొంతు పాతదైపోయింది. కానీ ఇది నాది. తుంటి నయమయ్యాక వస్తాను. కూర్చుని పాడతాను, తన్మయిని టేపు చేసుకోమనండి. మీరు మాత్రం ఈసారి నా గొంతు జోలికి రాకూడదు.

వేళకు ఇంజెక్షన్ తీసుకోండి.

హైమవతి

*

చిక్కడపల్లి,
అక్టోబరు 15.

హైమవతి గారికి నమస్తే.

నాకు ఉత్తరాలు రాసుడు అలవాటు లేదు. తప్పులుంటే దమయంతిని అనండి, పక్కన కూసొని చూస్తున్నది.

ఒక వేలు తీసేసిన్రు. చెప్పు వదులైంది, అంతే. ఫణి పొద్దున ఒకపారి, క్లాసులయినంక ఒకపారి వస్తున్నడు. సూది వాడే ఇస్తున్నడు. ఇచ్చుకుంట గూడ అడుగుతనే ఉన్నడు, ఫలాన క్లారినెట్ ఆయన ఏమయిండు, తబలా కరుణాకర్ ఏమయిండు అని. ఎరికైంది చెప్తున్న. ఎరిక లేకపోతే లేదంటున్న. ఒకరిద్దరు ఇంక ఉన్నరట. పోయి కలుద్దామంటున్నడు. నాకు భయమైతున్నది. పోత.

మీ కోపం కాయిదం మీద గూడ వేడిగ ఉన్నది. తీసేయమని అడగ. పాటలు పోయినయని రాత్రిళ్లు ఇంక ఏడుపొస్తున్నది. అది మీరు చెప్తే ఆగేది కాదు, నేను చెప్తే ఆగేది కాదు.

కాని మీరు అడిగిన దానికి జవాబు చెప్పాలె. నేను మళ్ల మళ్ల విన్న. తన్మయిని గూడ వినమన్న. ముందుగాల వచ్చింది నా పెట్టె కాదు. జగన్నాథం ఆలస్యం చేసిండు. ఆ పలుకు మీద ఆయనకు ప్రేమెక్కువ, విడువకపోయేది. నేను ఆనాడే చెప్పిన, “జగన్నాథం, లెక్క తప్పుతున్నవ్” అని. “తప్పితే తప్పనీ రాఘవా” అన్నడు. మీరు నమ్మకపోతే వచ్చి నా పక్కన కూసొని వినండి. ఎవ్వరు ముందో, ఎవ్వరు వెనకో, కొట్లాడి తేల్చుకుందాం.

ఇగ మీ గొంతు జోలికి రాను అని మాటియ్యలేను. జర వినేదాక ఎట్ల చెప్పను? ముందు పాడండి.

తుంటి మంచిగ మాననియ్యండి. తొందర పడకండి. మీరు వచ్చేదాంక నేను ఉంట.

రాఘవేందర్